వీరవేణికి మంజూరైన కోపం

మామిడిలంక ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు ఆ సర్క్యులర్ వచ్చిన రోజున, ఇంగ్లీషు లెక్చరర్ కొల్లాబత్తుల సువార్త ఏడుగురు విద్యార్థులకు అమెరికాలో మంచు ఎలా కురుస్తుందో చెబుతోంది. ఆవిడ మంచు చూడలేదు. పిల్లలూ చూడలేదు. ఫ్రిజ్జు పై అరలో పేరుకునేదాన్ని ఊరంతా పరిచినట్టు ఊహించుకోండర్రా అని ఆవిడ అంటే, "మరి కరెంటు పోతేనండీ?" అని వెనక బెంచీ అడిగింది.

ఈలోగా అటెండరు కాగితం తెచ్చి బల్లమీద పెట్టాడు.

"విషయము: పద్యముల ఇతివృత్తములు – క్రమబద్ధీకరణ – ఒక పద్యమునకు ఒకే ఇతివృత్తము – ఉత్తర్వులు జారీ చేయుట గురించి" అని మొదలైంది. "ఇందుమూలముగా అందరు బోధనా సిబ్బందికి తెలియజేయునదేమనగా, ఒకే పద్యమునకు ఒక్కొక్కరు ఒక్కొక్క ఇతివృత్తము చెప్పుచున్నట్లు విశ్వవిద్యాలయము దృష్టికి వచ్చినది. ఇట్టి ధోరణిని తీవ్రముగా పరిగణించడమైనది" అని నడిచి, మూడో పేజీలో సంతకంతో ముగిసింది.

దీని వెనక ఒక కథ ఉంది. కిందటేడు పరీక్షల్లో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లలో ఒకడు ఒక పద్యానికి ఇతివృత్తం మరణం అని రాసి రెండు మార్కులు తెచ్చుకున్నాడు. రెండోవాడు జీవితం అని రాసి తొమ్మిది తెచ్చుకున్నాడు. పేపర్లు మళ్లీ దిద్దిస్తే మార్కులు అటూ ఇటూ అయ్యాయి. ఇద్దరి తండ్రులూ కోర్టుకెక్కారు. ఇంతకీ ఆ పద్యానికి ఇతివృత్తం ఏమిటండీ అని జడ్జిగారు అడిగితే, విశ్వవిద్యాలయం వకీలు కనుక్కుని చెబుతానని రెండు వాయిదాలు తీసుకున్నాడు. వైస్ ఛాన్సలర్ గారు ఐదుగురు ఇంగ్లీషు ప్రొఫెసర్లను పిలిపించి అడిగారు. ఐదుగురూ కలిసి పదకొండు ఇతివృత్తాలు చెప్పారు. ఇక ఈ వ్యవహారం ఇంగ్లీషు వాళ్ల చేతిలో ఉంచడం క్షేమం కాదని ఆయన ఆ సాయంత్రమే తీర్మానించుకున్నారు.

అలా ఇతివృత్త నిర్ధారణ విభాగం పుట్టింది. దానికి డైరెక్టరుగా డాక్టర్ వేమవరపు జోగారావు గారిని వేశారు. ఆయన ముప్ఫై ఏళ్లు భూసార పరీక్షా కేంద్రంలో పనిచేసిన మనిషి. గుప్పెడు మట్టి ఇస్తే నత్రజని ఎంత, భాస్వరం ఎంత, చౌడు ఎంత అని చెప్పగలడు. మట్టిలో ఏముందో చెప్పినవాడికి పద్యంలో ఏముందో చెప్పడం ఎంతసేపు అన్నారు వైస్ ఛాన్సలర్ గారు.

ఎంతసేపూ పట్టలేదు. జోగారావు గారు పంతొమ్మిది రోజుల్లో సిలబస్‌లో ఉన్న పద్యాలన్నిటికీ పరీక్ష పూర్తి చేశారు. దైవభక్తి, ప్రకృతి, ప్రేమ, దేశభక్తి, మరణం, కాలం, శ్రమ, ఇతరములు. ఇవి ఎనిమిదీ ఆమోదిత ఇతివృత్తాలు. ఇతరములు వాడాలంటే ముందస్తు అనుమతి కావాలి. అన్నిట్లోకీ సువార్త చెప్పే 'తొలినాటి అమెరికా సాహిత్యం' పేపరు ఆయనకు ఎంతో సులువుగా తేలింది. ఓడల్లో అమెరికా వెళ్లినవాళ్లంతా ప్రార్థనలు చేశారు కనుక వాళ్ల పద్యాలన్నీ దైవభక్తి. స్వతంత్రం వచ్చాక రాసినవన్నీ దేశభక్తి. పద్యంలో ఎక్కడన్నా చెట్టు కనిపిస్తే ప్రకృతి. పేపరంతా ఒక పూటలో అయిపోయిందని, ఇలాంటి క్రమశిక్షణ గల సాహిత్యం ఇంకెక్కడా చూడలేదని ఆయన తన నివేదికలో మెచ్చుకున్నారు.

సువార్త సర్క్యులర్ మడిచి పుస్తకంలో పెట్టుకుని పాఠం కొనసాగించింది. ఆ రోజు పాఠం 'తొలి చలికాలం' అనే ఇరవై నాలుగు పంక్తుల పద్యం. మూడు వందల యాభై ఏళ్ల కిందట సముద్రం దాటి వెళ్లిన ఒకావిడ రాసింది. పేరు తెలీదు. దుంగలతో కట్టుకున్న ఇంట్లో మొదటి చలికాలం రాగానే ఆవిడ పసిపిల్ల చనిపోతుంది. నేల గడ్డకట్టి ఉంటుంది కాబట్టి గొయ్యి తవ్వడానికి ఉండదు. మంచు కరిగేదాకా ఆ చిన్న పెట్టెను అటక మీద దాచుకుంటారు. పద్యం పొడుగునా ఆవిడ దేవుడికి వందనాలు చెబుతూనే ఉంటుంది.

"కాబట్టి ఇతివృత్తం దైవభక్తి" అంది సువార్త. పదకొండేళ్లుగా అలాగే చెబుతోంది. ఇప్పుడు సర్క్యులర్ కూడా అదే చెప్పింది కాబట్టి ఆవిడకి ఏ ఇబ్బందీ లేదు.

రెండో బెంచీలో గుత్తుల వీరవేణి చెయ్యెత్తింది. ఫైనలియర్ పిల్ల. లంకలోంచి రేవు దాటి, అక్కణ్ణుంచి సైకిలు మీద వస్తుంది. క్లాసులో తక్కువ మాట్లాడుతుంది.

"ఎన్నిసార్లు వందనాలు చెప్పిందండి ఆవిడ?"

సువార్త లెక్కపెట్టింది. "పన్నెండు."

"అయితే కోపంగా ఉందండి."

"ఎవరి మీదే?"

"దేవుడి మీదండి. మా అమ్మా అంతేనండి. మా నాన్న మీద మామూలు కోపమొస్తే తిడతాదండి. అదే బాగా ఎక్కువైపోయిందనుకోండి, ఇక ఏం చెప్పినా 'సరేనండి, మంచిదండి, తమరి దయండి' అంటాది. ఆ రోజు మేం ఇంట్లో ఉండం."

క్లాసు నవ్వింది. సువార్త నవ్వలేదు. ఆవిడకి చర్చిలో సాక్ష్యం చెప్పే ఒక మనిషి గుర్తుకొచ్చింది. ఏటిలో కొడుకును పోగొట్టుకున్న ఆవిడ ప్రతి ఆదివారం లేచి నిలబడి దేవునికి స్తోత్రం అంటూ ఇరవై కారణాలు చెప్పేది. అందరూ ఎంత విశ్వాసం అనుకునేవాళ్లు. సువార్తా అనుకుంది. ఇప్పుడు ఆ పద్యాన్ని మళ్లీ మొదటినుంచి చదివింది. పదకొండేళ్లలో మొదటిసారి ప్రతి వందనం దగ్గరా ఆగింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

"నిజమే వీరవేణీ" అంది చివరికి. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని తర్వాత ప్రిన్సిపాల్ గారు చాలాసార్లు అన్నారు.

పరీక్షలొచ్చాయి. ప్రశ్నపత్రంలో 'ఇతివృత్తములను చర్చింపుము' అని పాత అలవాటులో అచ్చయిపోయింది. చివరి నిమిషంలో చూసుకుని ప్రతి కాపీలోనూ బహువచనాన్ని వైట్‌నర్‌తో చెరిపించారు. నాలుగు వందల పన్నెండు మంది రాశారు. నాలుగు వందల పదకొండు మంది దైవభక్తి అని రాశారు. వీరవేణి కోపం అని రాసి, ఆరు పేజీలు రాసింది.

ఫలితాలొచ్చిన రోజు ఆమె నంబరు ఎదురుగా 'నిలిపివేయడమైనది' అని ఉంది. రెండ్రోజులకి సువార్తకు మెమో వచ్చింది. సదరు విద్యార్థిని పరీక్షా మందిరంలో అనధికార ఇతివృత్తం కలిగి ఉన్నందున అక్రమాల కింద కేసు నమోదు చేయడమైనదని, ఆ ఇతివృత్తాన్ని ఆమెకు ఎవరు సరఫరా చేశారో ఏడు రోజుల్లో లిఖితపూర్వకంగా తెలియజేయాలని అందులో ఉంది.

ప్రిన్సిపాల్ గారు తలపట్టుకున్నారు. "ఏదో నకలు చీటీ దొరికిందంటే సర్దిచెప్పుకోవచ్చమ్మా. కోపం దొరికిందంటే నేనేం చెప్పేది?"

వీరవేణి మొహం చిన్నబోయి ఉంది. "ఇరవై నాలుగో తారీకున బీఎడ్ కౌన్సెలింగండి. మార్కుల లిస్టు లేకపోతే రానివ్వరంట. మా ఊళ్లో బడి ఉందండి, పంతులమ్మ లేదు. నాకొస్తే అక్కడే వేయించుకుందామని."

తేదీ అప్పటికి తొమ్మిది. మర్నాడు ఇద్దరూ మొదటి బస్సెక్కి విశ్వవిద్యాలయానికి వెళ్లారు.

ఇతివృత్త విభాగం సూపరింటెండెంట్ మంగతాయారు గారు మంచి మనిషి. ఇద్దర్నీ కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించింది. ఆ తర్వాత ఫైలు తెరిచింది.

"పద్యానికి ఇతివృత్తం మార్చుకోవచ్చమ్మా, రూలు ఉంది. యజమాని దరఖాస్తు పెట్టుకోవాలి."

"యజమాని ఎవరండీ?" అంది సువార్త.

"రాసినావిడ."

"ఆవిడ పోయి మూడొందల ఏళ్లు దాటిందండి."

"అయితే మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల పత్రం జతచెయ్యండి."

"ఆవిడ పేరే ఎవరికీ తెలీదండీ."

"తెలీకపోవడమేంటి, మా దగ్గరుంది" అని మంగతాయారు గారు పెద్ద రిజిస్టరు లాగి వేలితో వెతికింది. "ఇదిగో. అనానిమస్. ఇంటిపేరు రాయలేదు." వేలు కిందికి జారిన కొద్దీ ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. "మీ పేపర్లో ఈవిడవి రెండున్నాయి. పాత ఇంగ్లీషు పేపర్లో నాలుగు. జానపదాల్లో ఏడు. మొదటిది రాసి ఆరొందల ఏళ్లయింది. ఇంత సర్వీసు ఉన్నావిడని రిటైరు చెయ్యకుండా ఎవరు వదిలేశారో."

"అనానిమస్ అంటే మనిషి కాదండి. అజ్ఞాత అని అర్థం" అంది సువార్త.

మంగతాయారు గారు పెన్ను మూత తీసింది. "అజ్ఞాత గారు అని రాసుకుంటాను. తెలుగులో ఉంటే మంచిదే."

అజ్ఞాత గారికి నోటీసు తయారైంది. ఆమె పేరిట నమోదైన పద్యానికి రెండో ఇతివృత్తం ఉన్నట్టు ఆరోపణ వచ్చినందున ఏడు రోజుల్లో స్వయంగా గానీ, అధీకృత ప్రతినిధి ద్వారా గానీ హాజరై వివరణ ఇచ్చుకోవాలని అందులో ఉంది. చిరునామా తెలీదు కాబట్టి నోటీసు బోర్డుకు అంటించారు. ఎనిమిదో రోజున అజ్ఞాత గారు రాలేదని నమోదు చేసి, ఆమెను విచారణ పూర్తయ్యేవరకు సస్పెండు చేశారు. దాంతో ఆరు వందల ఏళ్ల జానపదాలు ఆ ఏటి సిలబస్‌లోంచి ఆగిపోయాయి. వాటిని చెప్పే లెక్చరర్లు ఎవరికీ ఫిర్యాదు చెయ్యకుండా ఊళ్లకు వెళ్లిపోయారు.

సువార్త, వీరవేణి మళ్లీ బస్సెక్కారు. ఈసారి డైరెక్టరు గారినే కలిశారు.

జోగారావు గారు శ్రద్ధగా విన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. పద్ధతి గల మనిషి, అంతే. "నాకు రాగద్వేషాలు లేవమ్మా. అనుమానం వచ్చిన చోట మళ్లీ నమూనా తీద్దాం. మీ ఎదురుగానే."

బల్లమీద తెల్లగుడ్డ పరిచారు. పొలంలో మట్టి తీసినట్టే పద్యంలో వంకరటింకరగా నడుస్తూ పదహారు చోట్ల పదహారు మాటలు తీశారు. ఒక్కో మాటనీ తెలుగు చేయించి ఒక్కో చీటీ మీద రాయించి గుడ్డమీద పోసి బాగా కలిపారు. కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేశారు. మిగిలినదాన్ని మళ్లీ కలిపి, మళ్లీ నాలుగు చేసి, మళ్లీ సగం పారేశారు. చివరికి నాలుగు చీటీలు మిగిలాయి. 'మరియు', 'మంచు', 'యొక్క', 'మొక్కజొన్న'.

జోగారావు గారు కళ్లజోడు సవరించుకుని వాటిని చాలాసేపు చూశారు. "ఆశ్చర్యంగా ఉంది. దైవభక్తి ఆనవాలు కూడా లేదు. కోపమూ లేదు. ఇది స్వచ్ఛమైన ప్రకృతి."

"సార్, పారేసిన చీటీల్లో పాప ఉందండి" అంది వీరవేణి.

"పారేసినవి చూడకూడదమ్మా. అది శాస్త్రం."

ఆ సాయంత్రమే సవరణ ఉత్తర్వు వెలువడింది. 'తొలి చలికాలం' పద్యానికి ఇతివృత్తం ప్రకృతి. తత్ఫలితంగా దైవభక్తి అని రాసిన నాలుగు వందల పదకొండు మందీ అనధికార ఇతివృత్తం కలిగి ఉన్నట్టు తేలినందున వాళ్ల ఫలితాలు కూడా నిలిపివేయడమైనది.

మర్నాడు పొద్దున పదింటికల్లా నాలుగు వందల పదకొండు మందీ గేటు ముందు కూర్చున్నారు. జీవితంలో మొదటిసారి రూలు ప్రకారం రాసినందుకు ఫెయిలవడం వాళ్లు తట్టుకోలేకపోయారు. దైవభక్తిని పునరుద్ధరించాలని నినాదాలు మొదలయ్యేసరికి, అసలు సంగతి తెలీని రెండు భజన బృందాలు కూడా వచ్చి కలిశాయి. మధ్యాహ్నానికి తాళాలు, మృదంగం వచ్చాయి. వైస్ ఛాన్సలర్ గారు కిటికీ వేసుకుని, ఈ రోజు చీకటి పడేలోగా ఆ పద్యానికి ఏదో ఒకటి తేల్చమని జోగారావు గారికి కబురు పెట్టారు.

అత్యవసర విచారణ మొదలైంది. జోగారావు గారు, పక్కన విశ్వవిద్యాలయం వకీలు, మినిట్స్ రాయడానికి మంగతాయారు గారు. ఎదురుగా కబురందుకుని వచ్చిన సువార్త, వీరవేణి. జోగారావు గారి మొహం పీక్కుపోయి ఉంది. ముప్ఫై ఏళ్లలో ఏ పొలమూ ఆయన మీద ధర్నా చెయ్యలేదు.

సువార్త నిలబడింది. ఏడు రోజుల గడువు దాటినా ఆవిడ ఇంకా మెమోకి జవాబు రాస్తూ చింపేస్తూ ఉంది. ఇతివృత్తం సరఫరా చేసింది నేనేనని రాస్తే పిల్ల బయటపడుతుందేమోనని ఒకసారి రాసింది కూడా. కానీ అది అబద్ధం. సరఫరా జరిగింది అటునుంచి ఇటు.

"సార్, ఒక్క మనవి. పొలం మొత్తం ఒకసారి చూడండి."

"అంటే?"

"పద్యం మొత్తం చదవండి సార్."

గదిలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "విభాగంలో ఆ సంప్రదాయం లేదమ్మా" అన్నారు జోగారావు గారు. వకీలు రూల్సు తిరగేసి, నిషేధం కూడా ఎక్కడా లేదని చెప్పాడు.

"ఇంగ్లీషు పాతది. నాకు పట్టుబడదు."

"వీరవేణి తెలుగులో చెబుతాది సార్."

వీరవేణి లేచింది. పుస్తకం తెరవలేదు. "ఓడని ఒడ్డుకి చేర్చావు, నీకు వందనం. ఇంటికి దుంగలిచ్చావు, నీకు వందనం. పాపనిచ్చావు, వందనం. పాపని తీసుకున్నావు, వందనం. నేలని రాయి చేశావు, మా ఆయన పార దిగలేదు, వందనం. పెట్టె తీసుకెళ్లి అటక మీద మొక్కజొన్న పక్కన పెట్టుకున్నాం. అక్కడికి ఎలకలు రాకుండా చూస్తున్నావు, వందనం."

అలా పన్నెండూ చెప్పి కూర్చుంది.

వకీలు జాబితా తిరగేశాడు. "ఇది కృతజ్ఞత. జాబితాలో లేదు."

జోగారావు గారు ఆ మాట వినలేదు. "పార దిగలేదంటే నేల ఎంత లోతు గడ్డకట్టిందన్నమాట?" అన్నారు తనలో తాను. "పాప ఏ నెలలో పోయింది?"

"నవంబరండి" అంది సువార్త.

ఆయన కాగితం తీసి లెక్క వేయడం మొదలుపెట్టారు. ఇది ఆయనకు వచ్చిన విద్య. "నవంబరులోనే పార దిగకపోతే అడుగు లోతు ఉండాలి. జనవరికి మూడడుగులు. పైనుంచి కరుగుతుంది గానీ కింద గడ్డ అలాగే ఉంటుంది. గొయ్యి తవ్వాలంటే ఏప్రిల్ రెండో వారం." పెన్సిలు ఆగింది. "ఐదు నెలలు."

ఆయన తల ఎత్తి వీరవేణి వైపు చూశారు.

"ఇల్లు ఎన్ని గదులమ్మా?"

"ఒకటేనండి" అంది వీరవేణి.

"అయితే పొయ్యి ఆ అటక కిందే."

"అంతేనండి."

"ఐదు నెలలు ఆ కిందే వండుకుని, ఆ కిందే తిని, ఆ కిందే పడుకున్నారు." ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. మంగతాయారు గారు మినిట్స్ రాయడం మానేసి చీర కొంగు పెదవులకి అడ్డం పెట్టుకుంది. బయట మృదంగం వినిపిస్తోంది. "పైనుంచి ఎలకల చప్పుడు వస్తుందేమోనని వింటూ" అన్నారు జోగారావు గారు. కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "ఈ అమ్మాయి రాసింది కరెక్టే. ఆవిడకి కోపం వచ్చింది. నాకే వస్తోంది."

"కానీ సార్, ఆమోదిత జాబితాలో కోపం లేదు" అన్నాడు వకీలు.

"లేకపోతే మంజూరు చేద్దాం."

"ఎవరికి చేస్తాం సార్? మంజూరు చెయ్యాలంటే రిజిస్టరు నంబరు ఉండాలి. పద్యానికి నంబరు లేదు. అజ్ఞాత గారికి చేద్దామంటే ఆవిడ సస్పెన్షన్‌లో ఉంది."

అందరూ గదంతా కలియజూశారు. ఆ గదిలో ఈ కోపంతో సంబంధం ఉండి, రిజిస్టరు నంబరు ఉన్న మనిషి ఒక్కతే కనిపించింది. మంగతాయారు గారు కొంగుతో కళ్లు తుడుచుకుని వీరవేణి హాల్‌టికెట్ అడిగి తీసుకుంది.

చీకటి పడేలోగా ఉత్తర్వు వచ్చింది. దైవభక్తి రాసిన నాలుగు వందల పదకొండు మందికి కారుణ్య ప్రాతిపదికన మినహాయింపు ఇచ్చి పాస్ చేయడమైనది. పద్యం ప్రకృతిగానే కొనసాగుతుంది. కుమారి గుత్తుల వీరవేణికి, ప్రత్యేక కేసుగా పరిగణించి, ఇతరులు దీనిని పూర్వోదాహరణగా చూపరాదను షరతుపై, కోపం మంజూరు చేసి పాస్ చేయడమైనది. ఈ విషయమును ఆమె రికార్డులలో నమోదు చేయవలెను.

సువార్త ఉత్తర్వు రెండుసార్లు చదివింది. ఎక్కడో ఏదో తేడాగా ఉందనిపించింది. కానీ పాస్ అయిందన్న ముక్క కనబడగానే పిల్లని వాటేసుకుని బస్టాండు దాకా నవ్వుతూనే ఉంది. జోగారావు గారు వాళ్లని గేటు దాకా సాగనంపారు. ఆ పద్యం ఇంకో కాపీ ఉంటే ఇవ్వగలరా అని, అధికారికంగా కాదని అడిగి తీసుకున్నారు.

ఇరవై నాలుగో తారీకు మధ్యాహ్నం సువార్త ఫోను మోగింది. వీరవేణి.

"సీటొచ్చిందండి."

సువార్త కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. "ఏ ఇబ్బందీ పెట్టలేదు కదే?"

"చిన్నదేనండి. యూనివర్సిటీ వాళ్లు సర్టిఫికెట్‌లో ఆ నమోదు ఎక్కడ వెయ్యాలో తెలీక ప్రవర్తన అన్న చోట వేసేశారండి. అందరికీ 'సంతృప్తికరం' అని ఉంది. నాకు 'కోపం' అని ఉందండి. కింద స్టాంపు కూడా కొట్టారు."

"అయ్యో. వాళ్లేమన్నారు?"

"సర్టిఫికెట్లు చూసే సారు కళ్లజోడు పైకెత్తి, కిందకి దించి, ఇదేంటమ్మా అని అడిగారండి. 'ముగ్గురు ఆఫీసర్లు కూర్చుని, కేసు అంతా విని ఇచ్చారండి, జిల్లాలో ఇంకెవరికీ లేదు' అని చెప్పాను."

"మరి?"

"లేచి నిలబడి, కూర్చోండమ్మా అన్నారండి."